బోడి నత్త పుట

ఫుకగవాలో కలప మండీలు దాటాక, కాలువ మలుపులో ఒక ఇల్లుంది. దాన్ని తడి ఇల్లు అంటారు.

పడవవాళ్లు ఆ మలుపు వచ్చేసరికి మాటలు ఆపేస్తారు. కలప మోసేవాళ్లు పొద్దు వాలాక చుట్టూ తిరిగైనా వెళ్తారు గానీ ఆ కంచె పక్కనుంచి నడవరు. నేను విన్నది చెబుతున్నాను. ఒకప్పుడు ఓ కలప వర్తకుడు ఆ ఇంట్లో ఒక పాటగత్తెను ఉంచాడట. ముసురు పట్టిన ఒక రాత్రి, "వసారాలో కూర్చో, పడవ తీసుకొస్తా" అని వెళ్లాడట. ఆవిడ కూర్చుంది. ఆయన రాలేదు. ఎందుకు రాలేదో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఆవిడ ఏమైందో మాత్రం... ఎవరూ చెప్పరు.

తెల్లారి చూస్తే వసారా చెక్కల మీద తడి. ఒక మనిషి కూర్చుని లేచినంత మేర.

కప్పు ఎక్కడా కారదు. అయినా ఆ తడి మళ్లీ మళ్లీ వస్తూనే ఉందట—ఇవాళ ఒకచోట, ఇంకోరోజు ఇంకోచోట.

"ఏమీ చెయ్యదయ్యా," అంది మా కొట్టుకు ముల్లంగి తెచ్చే ముసలమ్మ, గొంతు బాగా తగ్గించి. "ఎవరైనా ఒంటరిగా కూర్చుంటే... వచ్చి పక్కన కూర్చుంటుంది. అంతే."

ఆ 'అంతే' దగ్గరే నా ఒళ్లు జలదరించింది. పీక పిసుకుతుందంటే సరే, దెయ్యం పని అది చేస్తోంది అనుకుంటాం. ఊరికే పక్కన కూర్చోవడమేమిటి?

అలాంటి ఇంటికి నేను ముసురులో, రాత్రిపూట, ఒక్కణ్ణీ వెళ్లాను. నన్ను ధైర్యవంతుణ్ణి అనుకునేరు. బొద్దింక ఎగిరితే పెళ్లాం వెనక దాక్కునే రకాన్ని. నన్ను అక్కడికి తీసుకెళ్లింది ధైర్యం కాదు, పద్యాల పిచ్చి.

నా పేరు గెంపాచి. నదికి ఇవతల కాందా పేటలో ఊరగాయల కొట్టు. తవుడులో ఊరిన ముల్లంగి కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి, ముక్కు మూసుకుని మా కొట్టు చూపిస్తారు. పగలు ముల్లంగి తొక్కిపెడతాను, నెలకోసారి సాయంత్రం కొంటె పద్యాల కూటమికి వెళ్తాను. అక్కడ అందరికీ వింత పేర్లే. సారా కొట్టు యజమాని మా గురువుగారు, ఆయన పేరు 'కునికే కొంగ'. స్నానశాల నడిపే ఆయన 'సలసల కాగు'. నాకు గురువుగారే పేరు పెట్టారు—'ఊరని ముల్లంగి'. ముద్దుగా పెట్టారని చాలాకాలం అనుకున్నాను.

ఆ కూటమిలో నా పద్యాలు ఎవరూ వినేవారు కాదు. ఇది బాధతోనే చెబుతున్నాను. నా వంతు వచ్చేసరికి ఒకాయనకు బయటికి వెళ్లాల్సిన పని పడేది, ఇంకొకాయనకు దగ్గు వచ్చేది, గురువుగారు పేరుకు తగ్గట్టు కునికేవారు. అయినా మానలేదు. ఎప్పటికైనా నా పద్యం ఒకటి పుస్తకంలో పడుతుంది, అప్పుడు చచ్చినట్టు చదువుతారు అని నా ఆశ.

ఆ ఏడు ఆ అవకాశం వచ్చింది. మా కూటమి ఒక బొమ్మల పుస్తకం వేయించాలనుకుంది. ముసురు రోజుల్లో బయటికొచ్చే జీవాల మీద. మామూలు పుస్తకం కాదండీ. మీగడలాంటి మందపాటి కాగితం, ఒక్కో పుటకు అచ్చు వెయ్యడానికి బొమ్మ చెక్కిన చెర్రీ చెక్కలు ఎన్నో, ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. తూనీగ రెక్కల మీద అభ్రకం పొడి, మిణుగురు మీద ఇత్తడి పొడి. ఆడంబరాలు మానండని సర్కారువారు కేకలేస్తున్న రోజులు. కాబట్టి మా అచ్చువాళ్లు ఆడంబరాన్ని దాచడం కూడా నేర్చుకున్నారు. రంగు అంటించని చెక్క మీద కాగితం పరిచి, మోచేత్తో నొక్కి, తెల్లకాగితంలో తెల్లగానే బొమ్మ ఉబ్బేలా చేస్తారు. నేరుగా చూస్తే ఖాళీ కాగితం. వెలుగు పక్కనుంచి పడితేనే కనిపిస్తుంది.

బొమ్మలు వేసేది కొసెన్ అని క్యోటో నుంచి కొత్తగా దిగిన చిత్రకారుడు. కూటమికి రాడు, ఎవరితోనూ కలవడు. ఏది వెయ్యాలన్నా దాని ముందు మొద్దులా కూర్చుని కళ్లారా చూశాకే వేస్తాడని విన్నాం.

ఎవరు ఏ జీవం మీద రాయాలో చీట్లు తీశాం. గురువుగారికి మిణుగురు. ఒక సమురాయ్ గారి దివాణంలో పనిచేసే ఆయనకు తూనీగ. సలసల కాగుకు వానకప్ప. నాకు... బోడి నత్త.

మామూలు నత్తయినా బావుండేది, దానికి వీపు మీద ఒక ఇల్లన్నా ఉంటుంది. గుల్ల లేకుండా జిగురు కారుస్తూ గోడ పట్టుకు పాకేది వచ్చింది నాకు. అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

వానలు మొదలయ్యాయి. పుస్తకం పని కోసం కూటమి రోజూ కలుస్తోంది. అందరి పద్యాలూ వచ్చేశాయి. నాది రాలేదు.

"ముల్లంగీ," అన్నారు గురువుగారు కళ్లు తెరవకుండానే. "నువ్వసలు దాన్ని ఎప్పుడైనా చూశావా?"

"ఎన్నో చూశానండీ. కనిపించగానే ఉప్పు చల్లుతాను."

"ఉప్పు చల్లకముందు చూశావా?"

నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

"రేపు సాయంత్రంలోగా పద్యం తేకపోతే ఆ పుట మన కాగుకి ఇచ్చేస్తాను. ఆయన కప్ప మీద రెండు రాశాడు, ఒకదాంట్లో కప్ప తీసేసి నత్త పెట్టేస్తాడట."

సలసల కాగు నా వంక చూసి, ఎంతో జాలిగా తలాడించాడు. దానికన్నా దగ్గినా బావుండేది.

మా కొట్టు చుట్టుపక్కల ఎక్కడ వెతికినా ఒక్క బోడి నత్త లేదు. ఎలా ఉంటుంది, ఏళ్ల తరబడి ఉప్పు చల్లి వంశాలే నాశనం చేశాను కదా. ముల్లంగి ముసలమ్మను అడిగితే, "ఎందుకు లేవూ, తడి ఇంటి వసారా ముందు రాతి తొట్టి ఉంది చూడు, దాని మీద బొటనవేలంత లావున పాకుతుంటాయి" అని చెప్పి, అడగకుండానే మిగతా కథ కూడా చెప్పింది. ఇందాక మీకు చెప్పింది అదే.

రాత్రి అన్నం తిని, లాంతరు వెలిగించి గొడుగు తీశాను. మా ఆవిడ ఓహమా తవుడు తొట్టి కలుపుతోంది.

"ఇంత రాత్రప్పుడు ఎక్కడికయ్యా?"

"నత్త కోసం."

"నత్త కోసమా!" అంది. చేతులు తవుడులోంచి తియ్యకుండానే నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పటికి నీకు తగ్గ తోడు దొరికింది. వెళ్లిరా. జారి పడకు."

నది దాటాను. మండీలు దాటాను. కాలువలో కట్టేసిన దుంగలు ఒకదానికొకటి తగులుతూ నెమ్మదిగా చప్పుడు చేస్తున్నాయి. ఇంకెక్కడా అలికిడి లేదు. మలుపు తిరిగేసరికి వాన సన్నబడి తుంపర అయింది.

కంచె ఒకవైపు పడిపోయి ఉంది. గడ్డి నడుం దాకా పెరిగింది. గడ్డి అవతల... నల్లగా ఆ ఇల్లు.

వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. నిజం చెప్పాలంటే రెండడుగులు వెనక్కి వేశాను కూడా. అప్పుడు సలసల కాగు జాలి మొహం గుర్తొచ్చింది. తిట్టుకుంటూ ముందుకు నడిచాను.

వసారా ముందు రాతి తొట్టి ఉంది. లాంతరు పైకెత్తి చూస్తే—దాని అంచు మీద బోడి నత్త. ముసలమ్మ అబద్ధం చెప్పలేదు, నిజంగానే బొటనవేలంత ఉంది. అది నడిచిన దారంతా తళతళ మెరుస్తోంది. ఉప్పు చల్లకముందు చూడటం అదే మొదటిసారి. బావుంది. ఇంత అందమైనదాన్నా నేను ఇన్నాళ్లూ కరిగించేసింది అనిపించి మనసు అదోలా అయింది.

వసారా మీద కూర్చున్నాను. లాంతరు నా కుడివైపు పెట్టుకున్నాను. ఎడమవైపు చీకటి.

భయం పోవాలంటే గొంతు విప్పడం మంచిదని ఎవరో చెప్పారు. అందుకని పద్యం బిగ్గరగా అల్లడం మొదలుపెట్టాను. మాట మాటకీ రాగం తీస్తూ, గుర్తుండటానికి మళ్లీ మొదటినుంచి అందుకుంటూ, అది బావులేకపోతే ఇంకొకటి ఎత్తుకుంటూ. నాకు నేనే ఇచ్చుకున్న సభ అది. లేచి వెళ్లిపోయేవాడు లేడు, దగ్గేవాడు లేడు.

కాసేపటికి... ఎడమ భుజం చల్లబడింది.

వానగాలి అనుకున్నాను.

ఇంకాసేపటికి జుట్టుకు రాసే కామెల్లియా నూనె వాసన. పాతది, తడిసింది. కుళ్లిన చెక్క అయి ఉంటుంది అనుకున్నాను.

చెక్క కిర్రుమంది. నేను కదల్లేదు. పాత ఇల్లు కదా...

ఎవరో మెల్లగా నిట్టూర్చినట్టయింది.

అది నేనే అనుకున్నాను! మీరు నవ్వొద్దు. పద్యం పట్టుకున్న మనిషికి పక్కన ఏముందో కనిపించదు. పైగా సరిగ్గా అప్పుడే పద్యం కుదిరింది. కుదిరిన ఆనందంలో దాన్ని గొంతెత్తి పాడాను. ఒకసారి కాదు, ఎన్నిసార్లో నాకే తెలియదు—

'ఉప్పు చేతివాణ్ణి
చూసి కరిగిపోకు, బోడి నత్తా!
నన్ను చూసి
కరిగినవాళ్లు
ఇంతవరకూ లేరు.'

ఆఖరిసారి 'లేరు' దగ్గర రాగం సాగదీస్తున్నాను. ఎదురుగా పొదలో...

వెలుగు.

పొద మధ్యలో, నేలకు కాస్త ఎత్తులో, ఒక మొహం. కిందినుంచి వెలుగు పడుతున్న మొహం. కళ్లు గుంటలు. మెడ లేదు, ఒళ్లు లేదు. మొహం ఒక్కటే.

అది నోరు తెరిచింది. ఏదో శబ్దం చేసింది. దగ్గులాగా...

పై ప్రాణాలు పైనే పోయాయి. లాంతరు ఎటు ఎగిరిందో, గొడుగు ఎటు పోయిందో తెలియదు. కాళ్లకు బుద్ధి చెప్పాను. గడ్డిలో ఒకసారి, మండీల దగ్గర ఒకసారి పడ్డాను. వంతెన మీద కాపలావాడు ఆపి "దొంగలా?" అని అడిగితే, "బోడి నత్త" అన్నానట.

ఇంటికి ఒంటి చెప్పుతో వచ్చాను. తలుపు తీసి ఓహమా నా కాళ్ల వంక చూసింది.

"దెయ్యం," అన్నాను పళ్లు టకటకలాడుతుంటే.

"దెయ్యానికి నీ చెప్పెందుకయ్యా?" అంది. అంటూనే చెడుగాలి పోవాలని నా మీద గుప్పెడు ఉప్పు చల్లి, వేడి టీ పోసి ఇచ్చింది. ఆ రాత్రి దీపం ఆర్పనివ్వలేదు నేను.

మర్నాడు కూటమికి వెళ్లి రాత్రి జరిగింది చెప్పాను. కాస్త పెంచి చెప్పాననుకోండి. మొహం నన్ను తరిమిందన్నాను, నేను వెనక్కి తిరిగి పద్యంతో ఎదుర్కొన్నానన్నాను. ఎవరూ నమ్మలేదు గానీ పద్యం విని గురువుగారు ఒక కన్ను తెరిచారు. అది ఎంత పెద్ద సన్మానమో మా కూటమివాళ్లకు తెలుసు. "ఉంచుదాం," అన్నారు. సలసల కాగు మొహం మాడిపోయింది.

ఇంక ఎదురుచూపులు. బొమ్మ గీసిన కాగితాన్ని చెక్క మీద బోర్లా అతికించి చెక్కుతారు. చెక్కుతుంటే ఆ కాగితం పీచుపీచుగా పోతుంది. ఆ తర్వాత ఒక్కో రంగూ ఆరనిచ్చి అద్దుతారు. ఎండలు వచ్చాయి, ఆకులు రాలాయి. నేను అచ్చువాళ్ల వీధిలో ఊరికే తిరుగుతుంటే, "అయ్యా, మీ వాసన కాగితానికి పడుతుంది, కాస్త దూరంగా ఉండండి" అని మర్యాదగానే చెప్పారు.

కొత్త సంవత్సరానికి పుస్తకం వచ్చింది.

నా పుట తెరిచి ఏడ్చాను. సిగ్గుపడను, ఏడ్చాను. కుడి పుటలో పొగమంచులాంటి బూడిదరంగులో రాతి తొట్టి. దాని అంచున బోడి నత్త, ఒంటి మీద మచ్చలతో సహా. అది పాకిన దారి వెంట అభ్రకం... కాగితం కదిపితే దారి కదిలినట్టు మెరుస్తోంది. పైన నా పద్యం, కింద నా పేరు. ఎడమ పుటలో దూరంగా వసారా, దాని మీద ఒక మనిషి పక్కకు తిరిగి కూర్చుని ఉన్నాడు, చిన్నగా. ఆ మనిషి పక్కన చాలా చోటు తెల్లగా వదిలేశాడు చిత్రకారుడు.

"ఇది నీ మెడే," అంది ఓహమా. "ఆ వంకర నాకు తెలీదూ?"

నిజమే, నేనే! కొసెన్ నన్ను ఎప్పుడు చూశాడు, ఆ వసారా అతనికెలా తెలుసు అని వేరేవాడయితే ఆలోచించి ఉండేవాడు. మహా చిత్రకారులకు అలాంటివి తెలిసిపోతాయి అనుకున్నాను నేను. పద్యాన్ని బట్టి మనిషిని ఊహించి వేసి ఉంటాడని తేల్చుకుని పొంగిపోయాను.

ఓహమా కూడా పొంగిపోయింది. పైకి వెటకారమే గానీ, ఆ పగలంతా పుస్తకాన్ని పట్టుబట్టలో చుట్టుకుని పక్కిళ్లన్నీ తిప్పింది. "మా ఆయన రాసింది, చేతులు కడుక్కుని ముట్టుకోండి" అందట. ఆ మాట విని నేను లోపలికెళ్లి మళ్లీ కళ్లు తుడుచుకున్నాను.

చీకటి పడింది. నేల మీద దీపం పెట్టుకుని, పక్కన కూర్చుని ఆవిడ మళ్లీ పుట తిప్పింది.

తిప్పి... ఆగిపోయింది.

"ఏమయ్యా."

"ఊఁ?"

"ఇలా రా."

ఆ గొంతు నాకు తెలుసు. తొట్టిలో బూజు కనిపించినప్పుడు వచ్చే గొంతు అది. వెళ్లాను. దీపం వెలుగు పుట మీద పక్కవాటుగా పడుతోంది. నా పక్కన, ఆ తెల్లటి చోట్లో...

ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

రంగు లేదు. గీత లేదు. కాగితమే ఉబ్బి మనిషయింది. జారిన జుట్టు, వంగిన మెడ, నా భుజానికి బెత్తెడు దూరంలో ఆవిడ భుజం. ఓహమా పుస్తకాన్ని నేరుగా తిప్పింది. ఆవిడ మాయమైంది. వాల్చింది. మళ్లీ వచ్చింది.



"నత్త కోసం వెళ్లావు," అంది ఓహమా, చాలా నెమ్మదిగా.

"ఓహమా, నేను—"

"'నన్ను చూసి కరిగినవాళ్లు ఇంతవరకూ లేరు.' ఊరంతా తిప్పి చదివించానే ఈ పద్యం! నా చేతులతో!" మొహం దీపానికి అటువైపు తిరిగి ఉండటంతో కన్నీళ్లు కనిపించలేదు, గొంతులో మాత్రం తెలిసింది. "మరి ఇది ఎవరయ్యా?"

"దెయ్యం," అన్నాను.

అంతకన్నా చెత్త అబద్ధం ఏ మొగుడూ ఆడి ఉండడు. అది నిజమవడం నా దరిద్రం.

తెల్లారేసరికి ఆవిడ బట్టలు మూట కట్టుకుంది. అన్నగారింటికి వెళ్తుందట. దారిలో మాత్రం ఒకచోట ఆగుతుందట.

"ఎక్కడ?"

"ఆ బొమ్మలాయన దగ్గర. పేరయినా తెలుసుకుని వెళ్తాను."

కొసెన్ నూడుల్స్ అమ్మే ఒక కొట్టు మీద గదిలో ఉంటాడు. మేం వెళ్లేసరికి చచ్చిన చేపను చూస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు. నా వెనక ఓహమాను చూసి ఆ నవ్వు ఆపేశాడు.

"మా ఆవిడండీ," అన్నాను.

"అయ్యో," అన్నాడు కొసెన్.

ఆ 'అయ్యో'తో నా పని అయిపోయింది.

"ఈవిడెవరో చెప్పండి," అంది ఓహమా, పుట తెరిచి కిటికీ వెలుగుకు వాల్చి.

"ఎవరూ... ఎవరూ లేరండీ. కాగితం ముడత పడి ఉంటుంది." నావైపు తిరిగి, ఆవిడకు కనబడదనుకుని కన్ను కొట్టాడు. ఆవిడకు కనబడింది.

నేను అతని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "బాబూ, కొసెన్‌గారూ, మీకు పుణ్యముంటుంది. మర్యాదలొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు ఏం చూశారు?"

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"చెబితే మీకే ఇబ్బంది కదండీ... ముసురులో ఆ పాతింటికి నత్తల్ని చూసి వెయ్యడానికి వెళ్లాను. పొదలో నూనెకాగితం కప్పుకుని, లాంతరుకు మూత వేసి కూర్చున్నాను, వెలుగు ఎక్కువైతే అవి దాక్కుంటాయని. మీరు వచ్చారు. సరే, మీ లాంతరు వెలుగులో నత్త ఇంకా బాగా కనబడుతోందని ఊరుకున్నాను. తర్వాత ఆవిడ వచ్చి మీ పక్కన కూర్చున్నారు."

"ఎటునుంచి వచ్చింది?" అన్నాను.

"అది చూడలేదండీ. తల దించి గీసి మళ్లీ ఎత్తేసరికి ఉన్నారు. ఓహో, కలుసుకోవడానికి వచ్చారన్నమాట అనుకున్నాను. వెళ్లిపోదామంటే మీ ముందునుంచే దారి. కూర్చున్నాను. వాన పెరిగి సిరా కారిపోతోంది. మీరేమో లేచేలా లేరు. చివరికి లాంతరు మూత తీసి, ఒక దగ్గు దగ్గి, తలవంచుకుని పోదామని లేచాను."

పొదలో మొహం. దగ్గు. నేను పారిపోయింది ఈ మనిషిని చూసి! ఎవరి దగ్గరికి పరిగెత్తాలో అతన్ని చూసి పరిగెత్తాను. ఎవరిని చూసి పరిగెత్తాలో ఆవిడ పక్కన హాయిగా కూర్చుని రాగాలు తీశాను.

"మీరు పరిగెత్తారు," అన్నాడు కొసెన్, కాస్త నిష్ఠూరంగా. "కోపం తెచ్చుకోకండి, నాకప్పుడు మీమీద అసహ్యం వేసింది. ఆడమనిషిని చీకట్లో వదిలేసి పోతాడా అని. దీపం కావాలేమో అడుగుదామని నేనే దగ్గరికి వెళ్లాను..."

"వెళ్తే?"

"లేరు. వెనకవైపు నుంచి వెళ్లిపోయి ఉంటారు. కూర్చున్న చోట చెక్క తడిగా ఉంది."

కింద కొట్టులో ఎవరో చప్పుడు చేస్తూ నూడుల్స్ జుర్రుతున్నారు.

"చూసింది వెయ్యకుండా ఉండలేను," అన్నాడు కొసెన్. "వేస్తే మీ కాపురం ఏమవుతుందో అని భయం. అందుకని, ఇక్కడ రంగు వెయ్యకుండా నొక్కండి అని అచ్చువాళ్లకు చెప్పాను. మీ మేలు కోరే చేశానండీ."

ఆ ఇంటికున్న పేరేమిటో నేను అతనికి చెప్పాను. క్యోటో మనిషి కదా, ఎవరూ చెప్పలేదు. వింటూ వింటూ అతను కుంచె కింద పెట్టేశాడు. చెయ్యి చాచి చచ్చిన చేపను కాస్త దూరంగా జరిపాడు.

ఓహమా మాత్రం కరగలేదు. "బావుంది. మగాళ్లిద్దరూ కూడబలుక్కుని నాకు దెయ్యం కథ చెబుతున్నారు." మూట తీసుకుంది. పోతూ పోతూ, ఆ ఆడదాని అందం ఎంతో చివరిసారి చూద్దామనుకుందో ఏమో, పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. వెలుగుకు వాల్చింది. వేలితో మెల్లగా తడమసాగింది. జుట్టు. మెడ. భుజం. మోచెయ్యి...

వేలు ఆగింది.

"మోచేతులు ఇలా పైకి లేచాయేం?"

కొసెన్ తొంగి చూశాడు. "అవునండీ, అలాగే కూర్చున్నారు. మొదట మామూలుగానే ఉన్నారు. ఈయన పాడటం మొదలుపెట్టాక అలా పెట్టుకున్నారు. చలికేమో అనుకున్నాను."

"చలికి ఎవరైనా ఇలా పెట్టుకుంటారా?" ఓహమా పుస్తకాన్ని ఇంకాస్త వాల్చింది. "ఇవి అరచేతులు. ఇవి... ఏమయ్యా! ఈవిడ చెవులు మూసుకుంది!"

చూశాను. నిజం. రెండు అరచేతులతో, గట్టిగా, వేళ్లు జుట్టులోకి దిగిపోయేలా.

ఓహమా నన్ను చూసింది. పుటను చూసింది. మళ్లీ నన్ను చూసింది. ముందు పెదవులు వణికాయి, తర్వాత భుజాలు కదిలాయి. మూట కింద పడేసి, చాప మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వడం పెళ్లయిన కొత్తల్లో చూశాను, మళ్లీ అప్పుడే చూడటం.

"నమ్ముతున్నాను," అంది కళ్లు తుడుచుకుంటూ. "నీ కోసం వచ్చిన ఆడది ఏదీ ఇలా కూర్చోదయ్యా. ఇది దెయ్యమే. పాపం..."

'పాపం' అన్నది నన్ను కాదు.

కాపురం నిలబడింది. దానికి నేను సంతోషించాను, మనస్ఫూర్తిగా. కానీ ఆ సంతోషం కింద ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎన్నో ఏళ్లకు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, తనంతట తాను వచ్చి నా పక్కన కూర్చుని నా పద్యం విన్నారు. ఆవిడ కూడా...

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఓహమా కూడా చెప్పలేదంటుంది, పక్కిళ్లవాళ్లకు తప్ప. వారం తిరక్కుండా కూటమిలో ప్రతివాడూ నా పుటను దీపానికి వాల్చి చూడటమే. పద్యం ఎవరూ చదవలేదు. గురువుగారు రెండు కళ్లూ తెరిచి చాలాసేపు చూసి, "బాధ బాగా వచ్చింది బొమ్మలో" అన్నారు.

ముల్లంగి ముసలమ్మ చెప్పిందేమిటంటే, ఆ ముసురు తర్వాత తడి ఇంటి వసారాలో తడి కనిపించలేదట. పడవవాళ్లు మలుపు దగ్గర ఇప్పుడు మామూలుగానే మాట్లాడుకుంటున్నారట. ఎవరో సన్యాసి మంత్రం వేశాడని అనుకుంటున్నారట.

మొన్న సెంజు నుంచి ఒక బియ్యం వర్తకుడు మా కొట్టుకు వచ్చాడు. మంచి బట్టలు, పెద్దమనిషి. ముల్లంగి కోసం అనుకుని తొట్టి మూత తీశాను. చెయ్యి అడ్డుపెట్టి ఆపాడు. అటూ ఇటూ చూసి, దగ్గరికి వంగి, గుసగుసగా అన్నాడు—

"ఊరని ముల్లంగిగారు మీరేనా? తడి ఇంటి సంగతి విన్నానండీ. మా గోదాములో ఏదో తిరుగుతోందండీ... రాత్రిళ్లు మెట్ల మీద అడుగులు. పూజలు చేయించాం, పోలేదు. మీరొకసారి వచ్చి, దయచేసి..."

"దయచేసి?"

"పద్యాలు చదవాలి. మీకు ఎంతసేపు చదవాలనిపిస్తే అంతసేపు."

అవమానించాడా? అవమానించాడు. నాకు తెలుసు. కానీ ఈ భూమ్మీద నన్ను పిలిచి, కూర్చోబెట్టి, పద్యం చదవమని అడిగిన మొదటి మనిషి అతనే.

"కొత్తవి చదవనా, పాతవా?" అని అడిగాను.